కోటును తిట్టిన పెద్దమ్మ

ఆర్పినే కెషీషియన్ కుర్చీ బల్ల దగ్గర ఉండదు, గోడ పక్కన ఉంటుంది. ఇది చిన్న తేడా అని నమ్మేవారు ఆ గదిలో ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందీ బల్ల చుట్టూ కూర్చునేవారే.

గది బర్బాంక్‌లోని ఒక స్టూడియోలో, రెండో అంతస్తులో, మెట్ల పక్కన. 'పై వాటా' అనే అరగంట నవ్వుల సీరియల్‌ను ఆరేళ్ళుగా అక్కడే రాస్తున్నారు. క్లీవ్‌లాండ్‌లో ఒక పాత ఇల్లు, కింద మిసెస్ కోజ్లిక్ అనే వితంతువు, పైన అద్దెకున్న ఇద్దరు అన్నదమ్ములు, వారానికొక తగువు, తగువు చివర ఒక రాజీ. మంగళవారం సాయంత్రం వచ్చిందంటే డెట్రాయిట్‌లోనూ టల్సాలోనూ గిన్నెలు కడిగేవారు కూడా చేతులు తుడుచుకుని టీవీ ముందుకు వచ్చేవారు. అదే సీరియల్‌ను బ్రిటన్‌లో ఒక్క ప్రాణి చూసి ఎరగదు. ఏటా మే నెలలో అక్కడి నుంచి కొనుగోలుదార్లు వచ్చేవారు. చీకటి గదిలో రెండు భాగాలు చూసి, 'చాలా బాగుంది, కాస్త మరీ అమెరికన్‌గా ఉంది' అని మర్యాదగా కరచాలనం చేసి వెళ్ళేవారు. ఆ మర్యాదకు 'వద్దు' అని అర్థమని తెలుసుకోవడానికి స్టూడియో పెద్దలకు రెండేళ్ళు పట్టింది.

ఆర్పినే పని స్క్రిప్టు టైపు చేయడం, దానిని కాపాడడం. బల్ల చుట్టూ ఉన్నవారు మాటలు విసురుతారు, గోడ పక్కనుంచి ఆమె పట్టుకుంటుంది. మొదటి ప్రతి తెల్ల కాగితం మీద. దానిలో మార్చిన పేజీలు నీలం మీద, వాటినీ మారిస్తే గులాబీ, ఆపైన పసుపు, ఆపైన ఆకుపచ్చ. రంగు చూస్తే చాలు, ఏ మాట ఎన్నో సారికి పుట్టిందో చెప్పవచ్చు. ప్రతి పేజీ కింద మూలన ఆమె రెండు జతల పొడి అక్షరాలు వేస్తుంది: రాసినవారివి ముందు, టైపు చేసినవారివి తరువాత. వేయమని ఎవరూ చెప్పలేదు. ఈ పనిలోకి రాకముందు గ్లెండేల్‌లో ఒక లాయరు దగ్గర తొమ్మిదేళ్ళు ఉత్తరాలు టైపు చేసింది. ఆ అలవాటు వేళ్ళలోనే ఉండిపోయింది.

గదికి ఒకే చట్టం ఉండేది. 'బల్ల మీద పడ్డ మాట బల్లదే.' ముఖ్య రచయిత మార్వ్ ట్రెస్లర్ చేసిన చట్టం అది. ఎవరి జోకు ఎవరిదని తగాదా పడకూడదు, తెర మీద ఆ వారం ఎవరి వంతైతే వారి పేరు పడుతుంది. వినడానికి సమానత్వంలా ఉంటుంది. వంతులున్నవారికి అది సమానత్వమే.

ఆ ఏడు, అంటే తొంభైలో, బ్రిటన్ మనిషి మే దాకా ఆగలేదు. ఫిబ్రవరి మొదటి సోమవారమే దిగాడు.

"ఊరక రారు మహానుభావులు," అన్నాడు మార్వ్, కిటికీలోంచి కారు దిగుతున్న ఆల్డ్రిడ్జ్‌ను చూసి. "ఈసారి చేతిలో సంచీ ఉంది, చూశారా. కొనడానికే వచ్చాడు."

కొనడానికే వచ్చాడు, సీరియల్‌ను కాదు. దానిని వాళ్ళు ప్రసారం చేయరు. కథలు మాత్రం తీసుకుంటారు. ఇంటిని క్లీవ్‌లాండ్ నుంచి లీడ్స్‌కు మారుస్తారు, మిసెస్ కోజ్లిక్‌కు ఇంగ్లీషు పేరు పెడతారు, తమ నటులతో తీసుకుంటారు. ఆరు స్క్రిప్టులు ఎంచుకున్నాడు. ఆరింటిలో మొదటిది మూడో ఏటి 'కోటు'.

ఆ మధ్యాహ్నమే న్యాయ విభాగం నుంచి ఆర్పినేకు ఆరు పత్రాలు వచ్చాయి, స్క్రిప్టుకు ఒకటి చొప్పున. రికార్డులు కాపాడే వ్యక్తిగా ఆమె సంతకం చేసి శుక్రవారం మధ్యాహ్నం లోపల అందజేయాలి. వాక్యం ఒకటే: 'ఈ స్క్రిప్టు మీద పేరున్నవారు తప్ప మరెవరూ దీని రచనలో పాలుపంచుకోలేదని, నాకు తెలిసినంతలో, ధ్రువీకరిస్తున్నాను.'

నాకు తెలిసినంతలో. తెలియనివారికి ఆ మాట ఊతకర్ర. తెలిసినవారికి అది ఉరితాడు.

ఐదింటి మీద వెంటనే సంతకం చేసింది. ఆరోదాన్ని సొరుగులో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. లేచి నీళ్ళు తాగింది. దాహం లేదు.

'కోటు' భాగం డ్వైట్ ల్యాంగ్‌ఫర్డ్ పేరున ఉంది. మూడేళ్ళ కిందట డ్వైట్ ఆ గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడు, జుట్టు పీక్కుని పనిచేసేవాడు. అతని వంతు వచ్చింది, సగం బాగానే రాశాడు. వితంతువు చనిపోయిన భర్త కోటును దానమిచ్చేస్తుంది, ఒకరి అంత్యక్రియల విందులో దానిని మరొకరి ఒంటి మీద చూస్తుంది. అక్కడితో ఆగిపోయింది. తరువాత ఏం చేయాలి? కోటు దొంగిలించాలా, బతిమాలాలా? తెలుపు, నీలం, గులాబీ, పసుపు, నాలుగుసార్లు రాశారు. నాలుగుసార్లూ నవ్వు రాలేదు. శుక్రవారం సాయంత్రం మార్వ్ పెన్సిల్ బల్ల మీద పడేసి, "సోమవారం పొద్దున ఎవరైనా ఏదైనా పట్టుకురండి, లేకపోతే నన్ను కూడా పాతిపెట్టండి," అని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం గ్లెండేల్‌లో, తల్లి వంటింటి బల్ల మీద, ఆర్పినే పద్దెనిమిది పేజీలు రాసింది. రాసింది తన పెద్దమ్మ వార్తూష్‌ను గురించి. ఫ్రెస్నోలో చర్చి విందులో, చనిపోయిన భర్త కోటును ఒక అపరిచితుడి ఒంటి మీద చూసి, వార్తూష్ ఆ మనిషితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోటుతో మాట్లాడింది. "ఆయన మట్టిలో ఉంటే నువ్వు విందులకు తిరుగుతున్నావా? మూడు నెలలు నీ ఎడమ అస్తరు కుట్టమన్నాడు, కుట్టనిచ్చావా?" అని పావుగంట తిట్టింది. ఆ మనిషి చేతులు కట్టుకుని, కోటు తరఫున తల వంచుకుని నిలబడ్డాడు. చివర్లో ఆమె ముందుకు వంగి గుండీలు పెట్టింది. "మెడ దగ్గరిది కూడా పెట్టుకో. అక్కడే జలుబు పట్టేది," అంది.

సోమవారం పొద్దున ఆ పేజీలు ఆకుపచ్చ కాగితం మీద మార్వ్ కుర్చీలో ఉన్నాయి. శుక్రవారం ప్రేక్షకుల ఎదుట తీసినప్పుడు మూడు వందల మంది నవ్వి, గుండీల దగ్గర ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. తెర మీద డ్వైట్ పేరు పడింది, అతని వంతు గనుక. "వచ్చే ఏడాది నీ సంగతి చూద్దాం," అన్నాడు మార్వ్ ఆర్పినేతో. వచ్చే ఏడాది వచ్చింది. దాని మరుసటి ఏడాదీ వచ్చింది.

మంగళవారం భోజనాల వేళ ఆల్డ్రిడ్జ్ రచయితలతో కూర్చున్నాడు. స్టూడియో క్యాంటీన్‌లో పొడవాటి బల్ల, మాంసం ముక్కల శాండ్‌విచ్‌లు, ఊరవేసిన దోసకాయలు. ఆర్పినే ఆరు స్క్రిప్టుల కట్ట తెచ్చి అతని పక్కన పెడుతూ ఉంది.

"ఈ కోటు సంగతి ఎలా తట్టిందండీ?" అడిగాడు ఆల్డ్రిడ్జ్. "మీ సీరియల్ మా వాళ్ళకు ఎక్కదు, ఏమీ అనుకోకండి. కానీ ఆవిడ కోటును తిట్టడం ఉంది చూశారూ, అది లీడ్స్‌లో జరిగినట్టే ఉంది."

"మా బామ్మ," అన్నాడు డ్వైట్.

ఆర్పినే చేతిలోని కట్ట బల్ల అంచున ఆగింది.

"మా బామ్మది క్లీవ్‌లాండే," అని కొనసాగించాడు డ్వైట్. "తాతయ్య పోయాక ఆయన కోటు ఎవరికో ఇచ్చేసింది. తరవాత చర్చిలో ఎవడి ఒంటి మీదో కనపడింది. ఇక చూసుకోండి. వాణ్ణి కాదు, కోటును పట్టుకుని వాయించేసింది. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ ఎడమ అస్తరు చిరుగు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది."

"పాపం," అన్నాడు ఆల్డ్రిడ్జ్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఈ మాట మా పత్రికల వాళ్ళకు చెప్పాలి."

ఆర్పినే కట్ట కింద పెట్టి బయటికి వచ్చింది. స్టూడియో లోపల షూటింగుల కోసం కట్టిన న్యూయార్కు వీధి ఉంది. ఇళ్ళకు ముందు గోడ తప్ప వెనక ఏమీ లేదు. ఆ వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిచింది. ఒక వడ్రంగి నిచ్చెన మీద నుంచి, "ఏం పారేసుకున్నావమ్మా?" అని అడిగాడు.

"మా పెద్దమ్మను," అంది. అతను జోకు అనుకుని నవ్వాడు. ఆ ఆవరణలో ఏమన్నా జోకే.

డ్వైట్ అబద్ధమాడాడనుకుంటే ఆమె కోపానికి ఒక దిక్కుండేది. అదే తేల్చుకోవడానికి మూడు గంటలకు అతని గదికి వెళ్ళింది. తలుపు మూయలేదు, కూర్చోలేదు.

"మీ బామ్మ కోటు ఏ రంగు?"

"ఊదా బూడిద. ఎందుకు?"

"మీ తాతగారు ఎప్పుడు పోయారు?"

డ్వైట్ ఆలోచించాడు. "డెబ్బై... లేదు. ఆగు. బామ్మ పోయాక అనుకుంటా." నవ్వాడు. "ఏంటిది ఆర్పీ, కోర్టా?"

"బామ్మ పోయాక తాతగారు పోతే, తాతగారి కోటును బామ్మ ఎలా తిట్టింది?"

అతని నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం ఎక్కడికో వెళ్ళాయి. అతను దొరికిపోయిన దొంగలా లేడు. ఇంటికి వచ్చి తాళం తిరగక, ఇది తన ఇల్లేనా అని నంబరు చూసుకునే మనిషిలా ఉన్నాడు.

"నాకు గుర్తుంది," అన్నాడు నెమ్మదిగా. "అస్తరు చిరుగు కూడా గుర్తుంది."

"ఆ చిరుగు నేను టైపు చేశాను, డ్వైట్. ముప్ఫై ఒకటో పేజీ."

ఇది ఆ వృత్తివారు మాత్రమే చేయగల పొరపాటు. వారానికి అయిదు రోజులు ఎనిమిది మంది తమ పెళ్ళిళ్ళు, చావులు, విడాకులు, మొలల ఆపరేషన్లు తెచ్చి ఒక బల్ల మీద పోస్తారు. మాటకు పదును పెడతారు, ఒకరిది ఒకరు తిప్పి చెబుతారు, నవ్వు వచ్చేదాకా చెబుతారు. మూడేళ్ళు గడిచాక ఎవరి తండ్రి పోయాడో ఎవరికీ తెలియదు. మార్వ్ తన అపెండిసైటిస్ ఆపరేషన్ గురించి కన్నీళ్ళతో చెబుతుంటే, ఆ ఆపరేషన్ జరిగినవాడు పక్కనే కూర్చుని వింటూ సానుభూతి చూపిన రోజు ఒకటుంది. దొంగతనానికి చట్టంలో పేరుంది. నమ్మకంగా మరిచిపోవడానికి లేదు. తీసుకున్నవాడు మరిచిపోగలిగితే చాలు, పోగొట్టుకున్నవాడే పిచ్చివాడవుతాడు. ఆ మరుపు ఎప్పుడూ పేరున్నవాడి వైపుకే జరుగుతుంది, గోడ వైపుకు జరగదు. ఇది కాకతాళీయమని ఎవరైనా చెబితే వారిని కూడా ప్రమాణం చేయించి అడగాలి.

బుధవారం సాయంత్రం తల్లి సతెనిక్ ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ ఉంది. ఆర్పినే చుట్టడానికి కూర్చుని, నాలుగు చుట్టి, లేచి, మళ్ళీ కూర్చుంది.

"నిప్పు తొక్కిన కోతిలా ఆ తిరుగుడేమిటే?" అంది సతెనిక్. "సంతకం పెట్టు, పీడా పోతుంది."

"పెడితే నేను లేనట్టమ్మా. నా చేత్తో నేనే లేనని రాసిచ్చినట్టు."

"ఆరేళ్ళుగా లేవు కదా, ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?"

"ఇన్నాళ్ళూ వాళ్ళు లేదన్నారు. ఇప్పుడు నన్ను అనమంటున్నారు. రెండూ ఒకటేనా?"

సతెనిక్ ఆకు మడిచి గిన్నెలో పెట్టింది. "సొమ్మొకడిది సోకొకడిది అని ఇప్పుడేడుస్తున్నావు. ఆ ఆదివారం నా వంటింట్లో కూర్చుని మా అక్క మాటలన్నీ టకటకా కొట్టుకున్నావే, అప్పుడు సొమ్మెవరిది? అడిగావా దాన్ని?"

ఆర్పినే చేతిలోని ఆకు చిరిగింది.

అడగలేదు. మూడేళ్ళుగా ఆమె తన పక్షాన పేర్చుకుంటున్న వాదనలో ఈ ఒక్క ప్రశ్న లేదు. ఎదుటివారి పత్రంలో అబద్ధాన్ని వేలితో చూపించగల మనిషి, తన పేజీల మూలన ఒక్క జత అక్షరాలే వేసుకుంది, పెద్దమ్మవి వేయలేదు. చేతులు కడుక్కుని ఫోను దగ్గరికి వెళ్ళింది.

ఫ్రెస్నోలో వార్తూష్ రెండు మోతలకే ఎత్తింది. వయసు ఎనభై రెండు, వినికిడి అక్కడక్కడా.

"పెద్దమ్మా, ఆ కోటు సంగతి టీవీలో పెట్టింది నేనే."

"తెలుసు. చూశాను. ఒక చోట నా మాట మార్చావు. నేను 'విందులకు' అనలేదు, 'పులావులకు' అన్నాను."

"క్లీవ్‌లాండ్‌లో పులావు ఉండదు పెద్దమ్మా."

"అది వాళ్ళ ఖర్మ."

"నిన్ను అడక్కుండా రాశాను. కోపం రాలేదా?"

"వచ్చింది. తరవాత ఆ వేషం కట్టిన పిల్ల గుండీలు పెట్టింది చూడు, అక్కడ పోయింది. మీ పెదనాన్న కనపడ్డాడు." "ఇప్పుడేమైందని?"

ఆర్పినే చెప్పింది. డ్వైట్, బామ్మ, క్లీవ్‌లాండ్, బ్రిటన్ మనిషి, పత్రం.

"బామ్మా?" అంది వార్తూష్. "నేను ఏ క్లీవ్‌లాండ్ కుర్రాడికీ బామ్మను కాను. చుట్టరికం కావాలంటే ముందు ఇక్కడికొచ్చి ఎండు ద్రాక్ష ఏరమను. ఒక్క వేసవి ఏరితే తెలుస్తుంది మనవరికం."

"పత్రం మీద ఏం రాయమంటావు?"

"ఉన్నదే రాయి. అన్నది నేను, రాసింది నువ్వు. పులావు సంగతి కూడా రాయి."

శుక్రవారం పదకొండు గంటలకు ఆర్పినే ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని న్యాయ విభాగానికి వెళ్ళింది. మిస్ ప్రిసిల్లా డన్ తన బల్ల వెనక ఉంది. కిటికీ దగ్గర మార్వ్ ఉన్నాడు. ఆరో పత్రం రాలేదని ఆయనను కూడా పిలిపించారు. డన్ ఫైలు తెరిచి తిప్పింది.

"సంతకం ఇక్కడ, తేదీ ఇక్కడ. మిస్టర్ ఆల్డ్రిడ్జ్ విమానం మూడింటికి."

"ఈ ఫైలు తప్పండీ," అంది ఆర్పినే.

"మీ దగ్గరి నుంచి వచ్చిన ఫైలే, మిస్ కెషీషియన్."

"నేను రంగుల్లో పంపాను. మీవాళ్ళు జిరాక్సు తీశారు. అన్నీ తెల్లగా అయిపోయాయి. ఇందులో చూస్తే మొత్తం ఒకేసారి, ఒకే మనిషి రాసినట్టు ఉంటుంది." పెట్టె తెరిచి, తనకు తిరిగి వచ్చిన అసలు ప్రతిని బల్ల మీద పరిచింది. తెలుపు, నీలం, గులాబీ, పసుపు, వాటి మీద ఒక మందపాటి ఆకుపచ్చ దొంతర. "ఇరవై నాలుగు నుంచి నలభై ఒకటి. మూలన చూడండి. మిగతా పేజీల మీద డ్వైట్ అక్షరాలు, నా అక్షరాలు, రెండు జతలు. వీటి మీద ఒకటే జత, నాది."

డన్ వంగి చూసింది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది.

మార్వ్ కిటికీ దగ్గర నుంచి వచ్చాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తల్లీ, మూడేళ్ళ కిందటి కాగితాలు. ఆ గదిలో ఎవడి మాట ఎవడిదో దేవుడొచ్చినా తేల్చలేడు. బల్ల మీద పడ్డ మాట బల్లదే. ఈ రూలు నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. దాన్ని టైపు చేసి గోడకు అంటించింది నేనే."

"మరి?"

"నేను బల్ల దగ్గర కూర్చోను, మార్వ్."

ఆయనకు అర్థం కాలేదు.

"ఆరేళ్ళలో ఒక్కసారైనా కూర్చోబెట్టారా? నా పుట్టినరోజు కేకు ముక్క కూడా గోడ దగ్గరికే పంపారు. నా వంతు రాలేదు, రాదు, నాకు వంతు లేదు. ఆ బల్ల నాది కాదని మీరే తేల్చారు. ఆ పేజీలు బల్ల మీద పడలేదు. సోమవారం పొద్దున మీ కుర్చీలో పెట్టాను. మీ రూలు ప్రకారమే అవి బల్లవి కావు."

డన్ పెన్సిల్ ఆగింది. ఆమె లాయరు. వాదన నచ్చకపోయినా, అది నిలబడుతుందో లేదో ఆమెకు తెలుస్తుంది.

"మిస్టర్ ట్రెస్లర్, ఈ పేజీలు ఈవిడ రాసినవేనా?"

"తెర మీద డ్వైట్ పేరు పడింది."

"నేను అడిగింది అది కాదు."

మార్వ్ ఆకుపచ్చ పేజీల వైపు చూడలేదు. "ఆవిడే తెచ్చింది," అన్నాడు. "మేమెవరం రాయలేదు. చేతగాక వదిలేశాం."

ఆర్పినే పత్రం ముందుకు లాక్కుని, అచ్చు వాక్యం మీద ఒక గీత గీసింది. స్కేలు పెట్టి గీసింది. కింద రాసింది: 'ఇరవై నాలుగు నుంచి నలభై ఒకటి వరకు పేజీలు రాసినది ఆర్పినే కెషీషియన్. అందులో కోటుతో అన్న మాటలు ఫ్రెస్నోకు చెందిన వార్తూష్ మెలికియన్‌వి. ఒక చోట పులావును విందుగా మార్చడమైనది.' సంతకం, తేదీ.

"పత్రాన్ని దిద్దకూడదు," అంది డన్.

"దిద్దకపోతే సంతకం లేదు."

డన్ కుర్చీలో వెనక్కి వాలింది. "జరగబోయేది చెబుతాను, వినండి. దీంతో ఈ స్క్రిప్టు బ్రిటన్ పోదు. ఎవరు రాశారో తేలాలంటే నెలలు పడుతుంది, మీరు రచయితల సంఘంలో సభ్యులు కూడా కారు. వాళ్ళకు దీని బదులు ఇంకో భాగం, ఆ బాయిలర్ కథ, ఇచ్చేస్తాం. మీ పేరు అక్కడా పడదు, ఇక్కడా పడదు. మీరు గెలవలేదు, తెలుసా?"

"తెలుసు. కానీ ఓడిపోయినట్టు నా సంతకం లేదు." ఆర్పినే పత్రం వైపు చూపించింది. "అందినట్టు ముద్ర వేయండి. నాకొక ప్రతి ఇవ్వండి. మా పెద్దమ్మకు ఒకటి."

డన్ ముద్ర వేసింది, రెండుసార్లు.

మెట్ల దగ్గర డ్వైట్ నిలబడి ఉన్నాడు. విషయం అతనికి అప్పటికే తెలిసింది, ఆ భవనంలో ఏదీ దాగదు. "మా అక్కకు ఫోను చేశాను," అన్నాడు. "మా బామ్మ అసలు చర్చికే వెళ్ళేది కాదట." ఏదో ఇంకా చెప్పబోయి ఆగాడు. "మరి బామ్మను గురించి నాకు గుర్తున్నదేంటి, ఆర్పీ? అది తీసేస్తే ఇంకేం మిగల్లేదు."

ఆమె జాలిపడింది, కానీ పెద్దమ్మను తిరిగి ఇచ్చేటంత కాదు.

సాయంత్రం చిత్రీకరణకు ప్రేక్షకులు గేటు దగ్గర వరస కట్టేవేళకు మార్వ్ వెనకనుంచి వచ్చాడు.

"సోమవారం కుర్చీ బల్ల దగ్గరికి లాక్కో."

మూడేళ్ళ కిందట ఆ మాట విని ఉంటే ఆమె ఏడ్చేది. ఇప్పుడు దానిని పత్రంలా చదివింది, ప్రతి మాటా, మాటల మధ్య ఉన్నదీ. "లాక్కుంటే ఆ రోజు నుంచి నేనన్నదంతా బల్లదవుతుంది. హోదా, వంతు, పేరు, ఈ మూడూ కాగితం మీద ఇవ్వండి. కూర్చుంటాను."

"కుర్చీకి కాగితమా?" అన్నాడు మార్వ్.

"నా చేత ప్రతిదానికీ కాగితం రాయించారు."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం కాగితం రాలేదు, కుర్చీ గోడ పక్కనే ఉంది. కథ మధ్యలో ఆగింది. అన్నదమ్ముల్లో చిన్నవాడు ఇల్లు ఖాళీ చేస్తానని వితంతువుకు చెప్పాలి, ఎలా చెప్పాలో ఎవరికీ తట్టలేదు. ఒకడు పెన్సిల్ నమిలాడు, ఒకడు పైకప్పు పలకలు లెక్కపెట్టాడు. తరువాత, ఎవరూ అనుకోకుండానే, ఎనిమిది తలలూ ఒకదాని తరువాత ఒకటి గోడ వైపు తిరిగాయి. ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఇలా తిరిగి ఉంటాయో ఆర్పినేకు ఆ క్షణంలోనే తెలిసింది.

ఆమెకు మాట తట్టింది. నాలుక చివర నిలబడింది, ఎగిరిపడుతోంది, పాదం కుర్చీ కింద టపటపా కొట్టుకుంటోంది. వేళ్ళు టైపు మీటల మీద సిద్ధంగా ఉన్నాయి.

"ఆర్పీ," అన్నాడు మార్వ్. "ఏమైనా ఉందా?"

"టైపు చేయడానికి సిద్ధంగా ఉన్నాను," అంది. "చెప్పండి."